టీ కాచుకోని మనిషి

మొదట లాడ్జి గది. తర్వాత స్నేహితుడి మేడ మీద గది. రెండు చోట్లా డ్రైవర్ దిగిన పూటే వాళ్లు వచ్చిపడ్డారు. మొదటిసారి బాత్‌రూమ్ కిటికీలోంచి దూకి బతికిపోయాడు. రెండోసారి ముంజేతి మీద కత్తిగాటుతో బయటపడ్డాడు. మూడోసారి కూడా అదృష్టం తోడొస్తుందని నమ్మేంత అమాయకురాలు కాదు డిటెక్టివ్.

రేపు పొద్దున డ్రైవర్ కోర్టులో బోనెక్కాలి. మనిషిని గుద్ది చంపిన ఆ కారు నడిపింది తను కాదని, యజమాని కొడుకని ఒక్క మాట చెప్పాలి. ఆ మాట బయటికి రాకూడదని యజమాని మనుషుల్ని దింపాడు. అదంతా అర్థమవుతూనే ఉంది. అర్థం కానిదల్లా ఆ మనుషులకి అడ్రసు మోస్తున్నది ఎవరన్నదే.

రెండు అడ్రసులూ తెలిసినవాళ్లు డ్రైవర్ కాక ముగ్గురు. డిటెక్టివ్, డ్రైవర్ భార్య, ఆ భార్య తమ్ముడు. ఆ తమ్ముడే ఇప్పుడు డిటెక్టివ్ ఎదురుగా, డ్రైవర్ ఇంటి వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"గోళ్లు తర్వాత తిందువుగానీ, ఆ కెటిల్ సంగతి చూడు," అంది డిటెక్టివ్. "టీ లేకపోతే నా బుర్ర పనిచేయదు."

"అది వేడెక్కట్లేదు మేడమ్," అంది డ్రైవర్ భార్య. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "వారం నుంచీ ఇంతే. వీడు చూస్తానంటాడు, చూడడు. నేనేమో రోజూ పొద్దున ఆశకొద్దీ ఒకసారి స్విచ్చి నొక్కి చూస్తాను. గిన్నెలో పెట్టేస్తాలెండి."

"గిన్నె వద్దు. వీడు టీవీ రిపేరు షాపులో పనిచేశాడన్నావుగా, చేయనీ."

ఆమెకి టీ మీద అంత మమకారమేం లేదు. చేతులు ఖాళీగా ఉన్నవాడు అబద్ధాన్ని తీరిగ్గా అల్లుతాడు. స్క్రూడ్రైవర్ పట్టుకున్నవాడికి అంత తీరిక దొరకదు. ఇరవై ఏళ్ల వృత్తిలో ఆమె వాడే కిటుకుల్లో ఇదొకటి. పోలీసులు చాటుగా ఆమెని దబ్బనం అని పిలిచేది ఇలాంటి వాటికే.

తమ్ముడు అలమరలోంచి రేకు డబ్బా దించాడు. అందులో మల్టీమీటర్, రెండు స్క్రూడ్రైవర్లు, చుట్ట చుట్టిన టేపు.

"గోడ దగ్గర మొదలుపెట్టు," అంది డిటెక్టివ్. "ముందు సాకెట్."

తన ఫోన్ చార్జర్ అందించింది. వాడు కెటిల్ స్టాండు ప్లగ్గు పీకి చార్జర్ గుచ్చాడు. ఫోన్ కిర్రుమంది.

"కరెంటు వస్తోంది."

"సాకెట్ నిర్దోషి. ప్లగ్గు మళ్లీ పెట్టు. నిన్న మధ్యాహ్నం నీ ఫోన్ గంటసేపు ఎందుకు ఆగిపోయింది?"

వాడి చెయ్యి ప్లగ్గు మీదే ఆగింది. "చార్జింగ్ అయిపోయింది మేడమ్."

"పార్సిళ్లు పంచేవాడివి. ఫోన్ ఆగితే నీ పనే ఆగిపోతుంది. చార్జింగ్ లేకుండా బయల్దేరతావా?"

"నిన్న మర్చిపోయా."

"సరే. తర్వాత?"

"కెటిల్." వాడు స్విచ్చి నొక్కాడు. పిడి దగ్గర ఎర్ర దీపం వెలగలేదు. కెటిల్‌ని స్టాండు మీంచి ఎత్తి, నీళ్లు సింకులో పారబోసి, తలకిందులు చేశాడు. అడుగున గుండ్రటి గుంట, దాని చుట్టూ ఇత్తడి చుట్లు. స్టాండు మధ్యలో ఉన్న బుడిపె ఈ గుంటలో కూర్చుంటేనే కరెంటు పైకెక్కుతుంది. "నీళ్లు లేకుండా కాగితే లోపల కరెంటు ఆపే కటౌట్ పడిపోతుంది మేడమ్. చల్లారితే మళ్లీ దానంతటదే కలుస్తుంది. కలవకపోతే కాయిల్ కాలినట్టు లెక్క."

"లెక్కలొద్దు, కొలువు. నిన్న ఎక్కడికెళ్లావ్?"

మీటరు ముళ్లు గుంటలో ఆనించాడు. ముళ్లు వణికాయి.

"యజమాని బంగళాకి వెళ్లావా?"

మీటరు పలికింది, వాడు మాత్రం పలకలేదు.

"ఒరేయ్," అంది అక్క. కూర్చున్న స్టూలు మీంచి ఆమె లేవలేదు. "ఒరేయ్, మేడమ్ ఏదో అడుగుతున్నారు."

"కాళ్లు పట్టుకుందామని వెళ్లానక్కా." వాడు తల దించుకునే చెప్పాడు. "బావని వదిలేయండి, ఊరొదిలి పోతాం అని చెబుదామనుకున్నా. గేటు దగ్గరే నెట్టేశారు. లోపలికి కూడా రానివ్వలేదు. నీకు చెప్తే తిడతావని ఫోన్ ఆపేశా."

డిటెక్టివ్ వాడి చేతుల వైపు చూసింది. ముళ్లు ఇప్పుడు వణకడం లేదు. మనసులో బరువు దిగినవాడి చేతులు అలాగే ఉంటాయి. అయితే బాగా నటించగలిగినవాడి చేతులూ అలాగే ఉంటాయి.

"కాయిల్ బాగానే ఉంది మేడమ్," అన్నాడు వాడు, మాట మార్చే అవకాశం దొరికినందుకు ఆత్రంగా. "స్విచ్చి కూడా. కెటిల్‌లో తప్పేం లేదు."

"ఎవరిలోనూ తప్పు లేదంటే ఎలాగయ్యా? నీళ్లు మాత్రం కాగట్లేదుగా."

తలుపు కొట్టకుండానే తెరుచుకుంది.

ఇస్త్రీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఎండలో తిరిగొచ్చినా చొక్కా మీద ముడత ఉండదు. అందుకే ఆ పేరు. డిటెక్టివ్‌కీ ఆయనకీ పాత పేచీలు చాలా ఉన్నాయి. ఆయన చేతికి చిక్కినవాణ్ని ఈమె నిర్దోషని తేల్చడం, ఈమె వెతికేవాణ్ని ఆయన ముందే లాకప్‌లో పడేయడం.

"బాగుంది," అన్నాడు గుమ్మంలో నిలబడి. "నేను ఊరంతా గాలిస్తుంటే డిటెక్టివ్ గారు ఇక్కడ కెటిళ్లు బాగుచేయిస్తున్నారు. గిరాకీ తగ్గిందా మేడమ్?"

"మీరు పట్టుకున్నవాళ్లని విడిపించడంలోనే సరిపోతోంది. వేరే గిరాకీ దేనికి?"

ఆయన నవ్వలేదు. ఫోన్ తెర తమ్ముడి మొహం ముందు పెట్టాడు. బంగళా గేటు దగ్గరి కెమెరా బొమ్మ. గేటు పట్టుకుని నిలబడ్డ మనిషి మొహం స్పష్టంగా ఉంది.

"ఎవర్రా ఇది? మీ కవల సోదరుడా?"

"నేనే సార్. కానీ..."

"కానీలన్నీ స్టేషన్‌లో వింటాను. నడువు."

"ఆగండి," అంది డిటెక్టివ్. "ఆ సంగతి మీరు రాకముందే చెప్పాడు. గేటు దాటి లోపలికి కూడా వెళ్లలేదు. అడ్రసు అమ్మేవాడు కెమెరా ఎదురుగా నిలబడి అమ్ముతాడా? ఫోన్‌లో చెప్తే పోయేదానికి?"

"వెధవ తెలివితేటలకి కారణాలు వెతకడం నా పని కాదు. నాకు కావలసింది రెండే. వీడు, వీడి బావ. రేపటిదాకా డ్రైవర్ నా కస్టడీలో ఉంటాడు. ఎక్కడ దాచారో చెప్పండి."

"చెప్పను."

"చెప్పకపోతే వీణ్ని తీసుకెళ్తాను. ఆ తర్వాత వీడేం చెప్తాడో, ఎలా చెప్తాడో నా పూచీ లేదు."

ఆయన చెయ్యి తమ్ముడి చొక్కా కాలరు మీద పడింది. గట్టు అంచుకి కొట్టుకుని మీటరు కింద పడింది. అంతే. అక్క స్టూలు మీంచి లేచి ఆ చేతికి అడ్డం పడిపోయింది.

"వదలండి సార్. వాణ్ని కొట్టకండి. ఆయన టైర్ల గోడౌన్ వెనకాల ఉన్నారు. మేడ మీద గదిలో. వాడికి తెలియదు, నాకొక్కదానికే తెలుసు. మేడమ్ పొద్దున మెట్ల మీద నా చెవిలో చెప్పారు. వాణ్ని వదిలేయండి."

తమ్ముణ్ని కాపాడుకోవడానికి మొగుడి ప్రాణం గట్టు మీద పెట్టేసిందని ఆమెకి అప్పుడప్పుడే తెలిసొస్తోంది.

"తప్పు చేశానా మేడమ్?" అంది.

డిటెక్టివ్ అప్పటికే దారులు లెక్కేసుకుంటోంది. డ్రైవర్ దగ్గర ఫోన్ లేదు. రెండో దాడి తర్వాత, ఫోన్ పట్టుకునే జాడ తీస్తున్నారేమోనని తనే లాక్కుంది. గోడౌన్‌కి ఈ రోజు సెలవు. అక్కడ కబురందించడానికి మనిషంటూ లేడు.

"చూశారా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కాలరు వదిలి. "మీరు వారంలో చేయలేనిది ఐదు నిమిషాల్లో తేలింది. నేనే వెళ్లి తీసుకొస్తాను."

"మీరొక్కరే వెళ్లండి. ఎవరికీ చెప్పకండి."

"నా పని నాకు నేర్పకండి."

వాళ్లు వాదించుకుంటుంటే తమ్ముడు నేల మీద కూలబడి మీటరు ఏరుకున్నాడు. చేతులకి ఏదో ఒక పని లేకపోతే ఏడ్చేసేలా ఉన్నాడు. స్టాండు ప్లగ్గు పీకాడు. ప్లగ్గు పిన్ను మీద ఒక ముల్లు, స్టాండు బుడిపె మీద ఇంకోటి. మీటరు కీచుమంది.

"స్టాండు కూడా బాగానే ఉంది," అన్నాడు ఎవరూ అడక్కుండానే. కెటిల్‌ని దాని మీద కూర్చోబెట్టి, స్విచ్చి నొక్కి, ప్లగ్గు రెండు పిన్నుల మీద ముళ్లు పెట్టాడు. ఈసారి మీటరు మూగబోయింది. మళ్లీ ప్రయత్నించాడు. అంతే. "ఇదేంటి మేడమ్? విడివిడిగా రెండూ బాగున్నాయి. కలిపితే లేదు."

డిటెక్టివ్ వాదన మధ్యలోనే ఆపేసింది.

ఇద్దరు సాక్షులు ఎవరికి వారు నిజమే చెప్పి, కలిపి కూర్చోబెడితే పొసగకపోతే దాని అర్థం ఒక్కటే. వాళ్లిద్దరూ ఒక చోటివాళ్లు కాదు.

ఆమె వంగి, కెటిల్ అడుగుకీ స్టాండుకీ మధ్య చూపు పెట్టింది. సన్నటి సందు. కెటిల్ పూర్తిగా దిగడం లేదు. గుంటలో చుట్లు ఎక్కడున్నాయో అక్కడికి బుడిపె అందడం లేదు. రంగు అదే, సైజు అదే, గుండ్రం అదే. స్టాండు ఎత్తి తిరగేసింది. అడుగున రబ్బరు కాళ్లు నాలుగు.

గట్టు మీద ఏళ్ల తరబడి ఒకే చోట ఉన్న స్టాండు వదిలిన మచ్చలు మూడు.

"అదేంటి, ఇది మాది..." అనబోయింది డ్రైవర్ భార్య. డిటెక్టివ్ అరచెయ్యి ఆమె నోటిని మూసేసింది.

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచాడు. రెండో చేత్తో ఆయన వైపు వేలు చూపించింది. ఆ వేలిలో ఏముందో గానీ, ఆయన నోరు మూసుకున్నాడు.

తమ్ముడికి సైగ చేసింది. వాడు రబ్బరు కాళ్లు గోటితో పెకిలించి, వాటి కిందున్న స్క్రూలు చప్పుడు లేకుండా విప్పాడు. అడుగు పలక ఊడింది. మూడు తీగలుండాల్సిన చోట ఐదున్నాయి. ఎక్కువున్న రెండూ అగ్గిపెట్టె అంత పచ్చ పలక దగ్గరికి పోతున్నాయి. పలక మీద సిమ్ కార్డు, పక్కన పల్చటి బ్యాటరీ, ఓ మూల బియ్యపు గింజంత మైకు. ప్లగ్గు పీకి ఉన్నా చిన్న దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది.

మొదటి రెండు అడ్రసులూ ఈ వంటింట్లోనే, ఈ గట్టు పక్కనే డిటెక్టివ్ స్వయంగా చెప్పింది. మూడోది ఎందుకో అనుమానమొచ్చి మెట్ల మీద చెవిలో చెప్పింది. అది కూడా ఇప్పుడు ఈ గింజలోకి వెళ్లిపోయింది.

ఎంత పకడ్బందీగా చేశారు. అచ్చు అలాంటి స్టాండు వెతికి తెచ్చారు, లోపల చెవి అమర్చారు, నిమిషంలో మార్చేశారు. దాని మీద పెడితే కెటిల్ కాగుతుందా లేదా అని మాత్రం చూసుకోలేదు. ఆ ఆలోచనే వచ్చి ఉండదు. జన్మలో తన టీ తను కాచుకోని మనిషి చేసిన పని ఇది.

డిటెక్టివ్ ఫోన్ తీసి టైపు చేసి చూపించింది. *వింటున్నారు. ఇది వారం కింద పోలీసులు పరామర్శకొచ్చిన రోజు నుంచి పాడైందా?*

డ్రైవర్ భార్య చదివింది. కళ్లు పెద్దవయ్యాయి. తలూపి, వేలు ఇన్‌స్పెక్టర్ వైపు చాచింది.

ఆయన మొహం ఎర్రబడింది. ఫోన్ లాక్కుని టైపు చేశాడు. *పరామర్శకి నలుగురం వచ్చాం. నేను, ఇద్దరు కానిస్టేబుళ్లు, మా పై అధికారి పెద్దసారు. నేను వంటింట్లోకి రాలేదు.*

నిజమా? డిటెక్టివ్ ఆయన కళ్లలోకి చూసింది. ఇంట్లోకి దూసుకొచ్చి, ఈ గట్టు పక్కనే నిలబడి అడ్రసు కక్కించింది ఈ మనిషే. మైకు పెట్టినవాడికి సరిగ్గా అదే కావాలి. ఈయనే అయితే తను ఇప్పుడు చేయబోయేది వృథా. కాకపోతే అదొక్కటే దారి. అసలు అడ్రసు ఎలాగూ పోయింది, ఇంతకన్నా పోయేదేం లేదు.

ఆమె స్టాండుని మెల్లగా గట్టు మీద పెట్టి, విసుగ్గా, గట్టిగా మాట్లాడింది.

"చాలు ఇన్‌స్పెక్టర్ గారూ, ఇంక నాటకం ఆపుదాం. ఆవిడ చచ్చిపోయేలా ఉంది. అసలు సంగతి చెప్పేయండి."

ఆయన రెప్పలు కొట్టుకున్నాయి.

"నేనే చెప్తాను. అమ్మా, మీ ఆయన గోడౌన్‌లో లేడు. అది నీకు చెప్పడం కోసం పుట్టించిన అడ్రసు. తెల్లారకముందే మార్చేశాం. ఇప్పుడు ఈ ఇన్‌స్పెక్టర్ గారి స్టేషన్‌లోనే ఉన్నాడు. పైన పాత సామాన్ల గదిలో."

ఇప్పుడు ఆయన మాట్లాడాలి. మాట్లాడకపోతే ఆ మూల ఎవడో వింటున్నవాడికి ఈ మాటలు ఎండుటాకుల్లా తేలిపోతాయి.

"ఎవరికీ చెప్పొద్దన్నాను కదా మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్ చివరికి. గొంతు గరగరలాడింది. అది కోపానికి సరిపోయింది. "నా కానిస్టేబుళ్లకి కూడా తెలియదు. నేనూ మీరూ. అంతవరకే ఉండాలి."

"అయ్యో దేవుడా," అని డ్రైవర్ భార్య మొహం చేతుల్లో దాచుకుంది. అది నటనో నిజమో ఎవరూ చెప్పలేరు. ఆమెకి కూడా తెలిసి ఉండదు.

నలుగురూ కదలకుండా నిలబడ్డారు. పచ్చ పలక మీద దీపం వెలిగింది, ఆరింది. కుళాయి చివర ఒక చుక్క లావెక్కి సింకులో పడింది. నమ్మారా? నమ్మితే గోడౌన్‌కి బయల్దేరినవాళ్లని వెనక్కి పిలుస్తారా? లేక రెండు చోట్లకీ పంపుతారా?

ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టర్‌ది.

తెర మీద పేరు చూసి ఆయన వెంటనే ఎత్తలేదు. పేరు డిటెక్టివ్‌కి కూడా కనిపించింది. ఆయన స్పీకరు నొక్కబోయి, మైకు వైపు చూసి మానుకుని, చెవికి ఆనించుకున్నాడు. అయినా అవతలి గొంతు పెద్దది. గదిలో అందరికీ వినిపించింది.

"ఏమయ్యా, ఆ డ్రైవర్ని మన స్టేషన్‌లోనే పెట్టావట. పైన సామాన్ల గదిలో. నాకు ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

పెద్దసారు.

ఆ మాట పుట్టి రెండు నిమిషాలు కాలేదు. పుట్టింది ఈ నాలుగు గోడల మధ్య. విన్నవాళ్లు ఈ నలుగురు, ఆ గింజ.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. ఇరవై ఏళ్లు సెల్యూట్ కొట్టిన మనిషికి అబద్ధం చెప్పడమా, నిజం చెప్పి ఒక మనిషిని చంపించడమా. ఇక్కడ ఆమె చేయగలిగింది ఏమీ లేదు. ఆయన నోట ఏ మాట వస్తే అదే.

"ఉన్నాడు సార్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నా దగ్గరే ఉన్నాడు. మీకు స్వయంగా వచ్చి చెబుదామనుకున్నా."

"మంచి పని చేశావు. పైకి ఎవర్నీ వెళ్లనీకు. నేనే వస్తున్నాను." ఫోన్ కట్టయింది.

డిటెక్టివ్ స్టాండుని అలాగే గట్టు మీద వదిలి, డ్రైవర్ భార్యని అక్కడే ఉండి ఏడుస్తూ ఉండమని సైగ చేసింది. వింటున్నవాడికి ఇల్లు ఖాళీ అయిందని తెలియకూడదు. ముగ్గురూ చప్పుడు చేయకుండా మెట్ల మీదికొచ్చి తలుపు దగ్గరికేశారు.

"నన్ను ఇక్కడికి పంపింది కూడా ఆయనే," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుసగుసగా. "బావమరిది అమ్ముతున్నాడన్నారు. ఆ ఫొటో ఇచ్చారు. వంటింట్లో నిలబెట్టి వాడి మీద చెయ్యెత్తు, అక్కే చెప్పేస్తుంది అన్నారు. చెప్పినట్టే చేశాను."

"తర్వాత తిట్టుకుందురుగానీ. స్టేషన్‌కి వెళ్లి గది ఖాళీ అని చూసుకోవడానికి ఆయనకి ఎంతసేపు?"

"పావుగంట. మహా అయితే ఇరవై నిమిషాలు. ఆ తర్వాత అందరూ గోడౌన్ మీదే పడతారు. ఇప్పటికే బయల్దేరినవాళ్లని వెనక్కి పిలిచారో లేదో..."

మాట పూర్తిచేయలేదు. కింద వీధిలో జీపు నిలిపి ఉంది. డ్రైవింగ్ సీట్లో కానిస్టేబుల్ చెవికి ఫోన్ ఆనించుకుని, తలెత్తి సరిగ్గా ఈ మెట్ల కిటికీ వైపే చూస్తున్నాడు. పరామర్శకి వచ్చిన నలుగురిలో వాడూ ఒకడు.

ఇన్‌స్పెక్టర్ గోడకి ఒదిగి, నడుముకున్న వైర్‌లెస్ ఆపేశాడు. టోపీ తీశాడు. ముడతలేని చొక్కా మీంచి నక్షత్రాలు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత తమ్ముడి వైపు చెయ్యి చాచాడు. కాసేపటి కింద కాలరు పట్టుకున్న చెయ్యే.

"పెరటి గుమ్మం ఎటు? నీ బండి తాళం ఇవ్వు, తమ్ముడూ."

"తాళం ఇవ్వను," అన్నాడు వాడు మెట్లు దిగుతూనే. "నేనే నడుపుతా. ఆయన మా బావ."